పదిహేడో సంపుటం

ఓడల రిజిస్టరు పదిహేడో సంపుటంలో ఒక కాగితాన్ని ఎవరో బ్లేడుతో కోసేశారు.

రికార్డు గది చూసే ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. రెండు వందల పన్నెండో పేజీ తర్వాత రెండు వందల పదిహేను. కుట్టు దగ్గర గోరంత అంచు మాత్రం మిగిలింది.

ఆ రోజు ఆ పుస్తకం తీసుకున్నది ఒక్కడే. భూతద్దం తాత.

ఆ పేరు పెట్టింది టైపిస్టు. సముద్రం అవతలినుంచి వచ్చిన ఆ డెబ్భై ఏళ్ళాయన మూడు నెలలుగా కిటికీ పక్కన కూర్చుని, పాత ఓడల్లో వచ్చి దిగిన కూలీల వివరాలు భూతద్దం పెట్టి చదువుతున్నాడు. గుమాస్తాలకంటే ముందొచ్చి, గుమాస్తాలు వెళ్ళాక లేచేవాడు. హాజరుపట్టీలో ఆయన పేరు కూడా ఎక్కించమని టైపిస్టు నవ్వేవాడు.

ఆయన వెతుకుతున్నది తన తాతని. కడుపుతో ఉన్న భార్యని వదిలి ఓడెక్కిన తాత. ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. పుట్టిన కొడుకు తండ్రి మొహం చూడకుండానే పెరిగి, పెద్దవాడై, పోయాడు. ఆ కొడుక్కి కొడుకు ఈయన. పెళ్ళి లేదు, పిల్లల్లేరు.

మీ తాత ఇక్కడ మరో సంసారం పెట్టుకునుంటే ఏం చేస్తారని ఆమె ఒకసారి అడిగింది.

“అదే కదమ్మా నా ఆశ,” అన్నాడాయన. “పెట్టుకునుంటే నాకో చుట్టం మిగిలినట్టే. వాళ్ళింట్లో ఒక్కపూట కూర్చుని, మంచినీళ్ళు తాగి వచ్చేస్తాను. ఇంకేం అడగను.”

తాత పేరు తెలుసు. కానీ సూచికలో ఆ పేరు నలభైసార్లు ఉంది. ఈ ఊళ్ళో ఎవరిని కదిపినా ఆ పేరుతో ఒక ముత్తాత ఉంటాడు. రిజిస్టర్లో సొంత ఊరు, భార్య పేరు చూస్తే తప్ప ఎవరు ఎవరో తేలదు. పదహారు సంపుటాల్లో ముప్ఫై తొమ్మిది మంది కాదని తేలిపోయింది.

నలభయ్యోవాడు ఆ పోయిన కాగితం మీద ఉన్నాడు.

ఇంకెవరికి కావాలి ఆ కాగితం అన్నాడు అధికారి. పెద్దాయన సంచి విప్పించాడు. పెన్సిలు, మందుబిళ్ళలు, రొట్టెముక్క. చొక్కా జేబులు కూడా తిరగేయించాడు. ఏమీ దొరకలేదు. నమిలి మింగేసి ఉంటాడన్నాడు టైపిస్టు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పుస్తకం ఇచ్చేటప్పుడు పేజీలు లెక్కపెట్టావా అని అధికారి ఆమెను అడిగాడు.

ఆమె లెక్కపెట్టలేదు. ఆ పుస్తకం ముందురోజే వెనక గదిలో పాత పుస్తకాలు మళ్ళీ కుట్టే బల్లనుంచి వచ్చింది. కుట్టేవాళ్ళు సరిచూసే పంపుతారు కనుక ఆ మర్నాడు ఎవరూ లెక్కపెట్టరు. అక్కడి అలవాటు అది. కుట్టేది ఆమె తండ్రి. రిటైరైనా చేతిపని మానలేక వస్తున్న మనిషి. నిజం చెబితే మాట ఆయన మీదికి వెళ్తుంది.

లెక్కపెట్టానని చెప్పింది.

పెద్దాయన ఆమె వైపు చూశాడు.

“కోసింది నేనైతే నాకు మా తాత దొరికినట్టేగా తల్లీ. నా మొహం దొరికినవాడి మొహంలా ఉందా?”

ఆమె తల ఎత్తలేదు. అధికారి ఆయన అనుమతి కార్డు రద్దు చేశాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన గేటు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం ఆమె బయటికి రాగానే లేచి నిలబడి, కాగితం దొరికిందా అని మాత్రం అడిగేవాడు. ఆమె గబగబా రోడ్డు దాటేది.

పదో రోజు బెంచీ ఖాళీగా ఉంది.

పదమూడో రోజు లాడ్జి మేనేజరు వచ్చాడు. ముసలాయన జ్వరంతో గదిలో పడిపోయాడట. ఆసుపత్రిలో పోయాడట. రక్తసంబంధీకుల సంతకం లేనిదే శవాన్ని ఇవ్వం అన్నారట. రెండు రోజులు చూసి, ఆ ఉదయమే మునిసిపాలిటీ వాళ్ళు తీసుకెళ్ళి పూడ్చేశారట.

“మీకు చెప్పాల్సిన పని లేదు గానీ, మా పుస్తకంలో బంధువులు అన్నచోట ఈ ఆఫీసు చిరునామా రాశాడండీ,” అన్నాడు మేనేజరు.

అతను వెళ్ళాక ఆమె పదిహేడో సంపుటాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి విప్పింది. ఆ రోజునుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

కోసిన అంచు మీద జిగురు పారి ఎండిపోయి ఉంది. కొత్త దారంతో వేసిన కుట్టు ఆ అంచుని కూడా కలుపుకునే ఉంది.

కోత ముందు. కుట్టు తర్వాత.

పుస్తకాన్ని అలాగే పట్టుకుని వెనక గదికి వెళ్ళింది. తండ్రి సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. పుస్తకం ఆయన ముందు పెట్టి, లాడ్జి మేనేజరు అన్నదంతా చెప్పింది. ఆయన సూది పక్కన పెట్టాడు.

“ఎక్కడ పూడ్చారు?” అన్నాడు.

“తెలీదు. ఎందుకు కోశావు నాన్నా?”

“ఉద్యోగంలో చేరిన ఏడే ఆ కాగితం చదివాను. సొంత ఊళ్ళో భార్య కడుపుతో ఉందని రాయించి దిగాడు ఈయన వెతికిన తాత. ఇక్కడ మాత్రం పెళ్ళికానివాణ్ణని చెప్పి ఇంకొకావిణ్ణి చేసుకున్నాడు. పాపం, ఆవిడకి చచ్చేదాకా తెలీదు. ఆవిడ రెండో పెళ్ళామని నలుగురూ అనుకుంటారని నలభై ఏళ్ళు భయపడ్డాను. ఈయన పదహారో సంపుటం ముగించాడని తెలిసి, కోసి పొయ్యిలో పెట్టాను. నింద ఆయన మీద పడుతుందనుకోలేదు. పడ్డాక నోరు విప్పలేదు.”

“ఎవరావిడ?”

“మా నాయనమ్మ,” అన్నాడు తండ్రి. “పోయినాయన నాకు అన్న. నీకు పెదనాన్న. మొదటిరోజు ఆయన గుమ్మంలోకి రాగానే మా నాన్నే నడిచొచ్చాడనుకున్నాను తల్లీ, తెలిసే కోశాను.”