హ్యాష్ పెట్టిన వరస

భార్య వకుళ పోయి నెల దాటినా, ఫణీంద్ర వంటగది రోజూ రెండు గ్లాసుల బియ్యమే వండుతోంది. ఇంటి పనులన్నీ యంత్రమే చేస్తుంది; దాని తెర మీది పత్రంలో ఎలా రాసి ఉంటే ఇల్లు అలా నడుస్తుంది.

"పత్రంలో వదినగారి పేరు తీసేయండి అన్నయ్యగారూ. రోజూ అంత అన్నం మిగలదు" అంది పక్కింటి సుభాషిణి.

అతను మొదటిసారి పత్రం తెరిచాడు. పట్టికలో రెండు పేర్లు. కింద సూత్రం: ఎన్ని పేర్లుంటే అన్ని గ్లాసులు. అంతా వకుళ రాసిందే. మధ్యమధ్య హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరసలున్నాయి. వాటిని యంత్రం చదవదు, మనుషులే చదువుకోవాలి.

# ఈయనకి ఉప్పు తగ్గించాను. కనిపెట్టలేదు.

"కనిపెట్టాను. చెప్పలేదంతే" అన్నాడు ఫణీంద్ర పైకే.

ఆమె పేరు కొట్టేయడానికి చేతులు రాలేదు. దాని ముందు ఒక హ్యాష్ పెట్టాడు.

ఆ సాయంత్రం వంటగది ఒక్క గ్లాసే వండింది. వకుళ పేరు పత్రంలోనే ఉంది, అతనొక్కడే చదువుకునేలా.