అద్దం పెంకు కింది ఎరుపు

గోడలు కొలవాలి, మగ్గం నిలపాలి, వెలుతురు దిగేలా కప్పులో అద్దం పెంకు బిగించాలి, సాయంత్రంలోగా ఆ ఇంటి ముసలామె లచ్చవ్వ చేత ఇది తన ఇల్లేననిపించాలి. కంప్యూటర్ తెర మీద సుగుణ పని అది. లచ్చవ్వ ఊరిలా జలాశయంలో మునిగిన ఊళ్లు ఇక వెబ్‌లో బొమ్మలుగానే మిగులుతాయి. ఇంటివాళ్లు ఒప్పుకోని ఇల్లు ఇవాళ్టితో చెరిగిపోతుంది.

రెండుసార్లు చూపిస్తే లచ్చవ్వ తేల్చేసింది: "రంగులేసిన డబ్బా బిడ్డా, మా ఇల్లు గాదు."

ఈసారి సుగుణ ప్రతి కిరణమూ తగిలిన రంగును మోసుకుపోయేలా వెలుతురు వదిలింది. లెక్క తేలేదాకా తెరంతా ఇసుక చల్లినట్టు చుక్కలమయమైంది.

"బొమ్మను కదపకు అవ్వా, జర ఆగితే తేటైతది."

మెల్లగా తేటపడింది. పెంకులోంచి దిగిన ఎండ మగ్గం మీది ఎర్రనూలుకు తగిలి, నేసేవాడు కూర్చునే చోటి వెనక గోడను ఎర్రగా చేసింది.

లచ్చవ్వ తెర మీద ఆ గోడను తడిమింది. "గీ ఎరుపే... నేస్తుంటే మా ఆయన మొకం మీద పడేది. ఇదే మా ఇల్లు."

ఎర్రచీర ఎండలో ఆరేసినప్పుడు పక్క గోడ ఎర్రబడితే, ఆమె పేరుపెట్టి పిలవని ఆ భర్త మార్కండయ్యను ఒకసారి తలచుకోండి.