పేలే తూటాలు

"టక్" మంది పిస్తోలు. అంతే, పేలలేదు.

పరుగు మొదలయ్యే గీత దగ్గర నడుము పైకెత్తి, ఊపిరి బిగబట్టిన అమ్మాయిలంతా తూలిపోయారు. ఒకమ్మాయి బోర్లా పడింది. మెట్ల మీద కూర్చున్న తల్లిదండ్రులు గొల్లున నవ్వారు.

"లీలాండ్! దాన్ని మ్యూజియానికిచ్చి నువ్వు ఇంటికి పో!" అని ఎవరో అరిచారు.

పందెం మొదలుపెట్టే లీలాండ్ వోండ్రా తల తిప్పలేదు. కుడిచేతికున్న ఎర్ర తొడుగు సర్దుకుని, అమ్మాయిల్ని లేచి నిలబడమని సైగ చేశాడు. మళ్ళీ వంగమన్నాడు. ఈసారి పేలింది. అమ్మాయిలు దూసుకుపోయారు.

ఎంపిక పరుగు ముగిసిందో లేదో, మార్లిస్ హ్రుస్కా మైదానానికి అడ్డంపడి వచ్చింది. నెబ్రాస్కాలో ఆ చుట్టుపక్కల బడులన్నిటి పోటీలూ ఆ ఏడు నడిపిస్తున్నది ఆమే.

"చాలు, పెద్దాయనా. కొత్త కూత పెట్టె తెచ్చాం కదా? మీట నొక్కితే అందరి వెనకా ఒకేసారి కూస్తుంది. ఆఖరి పరుగు దాంతోనే."

"కుదరదు."

"ఎందుకు కుదరదు? మీ పిస్తోలు చేసిన నిర్వాకం చూశారుగా!"

"నా పిస్తోలుకేం? బంగారం లాంటిది. తూటాలు చచ్చినవి, అంతే."

ఆ బుల్లి పిస్తోలులో పట్టేవి రిమ్‌ఫైర్ తూటాలు. అడుగు అంచు మీద దెబ్బ తగిలితే పేలతాయి. పందేలకు వాడేవాటిలో గుండు ఉండదు, మందు మాత్రమే ఉంటుంది. ఆ అంచులోకి మందు సరిగా చేరకపోతే ఇదిగో, ఇలాగే పరువు తీస్తాయి.

"ఆఖరి పరుగు భోజనాలయ్యాక," అంది మార్లిస్. "ఈలోగా నమ్మకమైన తూటాలు దొరికితే సరే. లేకపోతే పెట్టే."

"బండి తియ్యి మరి," అన్నాడు ముసలాయన, తనకే పని పురమాయిస్తున్నట్టు.

తిట్టుకుంటూనే తీసింది. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలితే సాయంత్రం దాకా తిరిగి రాడు.

ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు డ్వేన్ చేతులెత్తేశాడు. "చిన్న తూటాలు అరలోకి వచ్చింది రావడం, ఎగరేసుకుపోతున్నారు. గుండున్నవైతే ఓ డబ్బా ఉంది. ఇమ్మంటావా? నీ పిల్లలు ఇంకా జోరుగా పరిగెడతారు!"

లీలాండ్ నవ్వలేదు. "డార్లీన్ దగ్గరికి పోనీ," అన్నాడు బండెక్కుతూ.

డార్లీన్ స్టుర్ వేటకుక్కలకు తర్ఫీదునిస్తుంది. తుపాకి చప్పుడుకి బెదరకుండా కుక్కపిల్లల్ని ఇలాంటి తూటాలతోనే అలవాటు చేస్తుంది. విషయం విని చేతులు నడుముకి ఆనించింది.

"నా దగ్గరున్నవి పేలతాయా అని అడుగుతున్నావా? నన్ను?"

"అడగడం లేదు. కాల్చి చూసుకుంటానంటున్నా."

"చూసుకో! నా కుక్కలు ఒట్టి 'టక్'కి అలవాటు పడితే వేటలో తలెత్తుకోగలనా?"

లీలాండ్ పిస్తోలు విప్పి, గుడ్డతో మసి తుడిచి, ఆమె తూటాలు నింపాడు. ఒకటి తరవాత ఒకటి కాల్చాడు. అన్నీ పేలాయి. మళ్ళీ నింపి కాల్చాడు. అన్నీ పేలాయి. కంచె అవతల కుక్కలు ఒక్కటీ చెవి కదపలేదు. డార్లీన్ గడ్డం ఇంకాస్త పైకి లేచింది.

"డబ్బా మొత్తం పట్టుకుపో. గెలిచిన పిల్లకి చెప్పు, ఇవి నా కుక్కలు తినే తూటాలని."

తిరుగుదారిలో, క్యాబేజీ, మాంసం కూరిన రొట్టె ఒకచేత్తో కొరుకుతూ మార్లిస్ ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంత పంతమేమిటండీ? ఆ పెట్టె వాడితే మీ సొమ్మేం పోయింది?"

"పంతమే అనుకో," అని టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

ఆఖరి పరుగుకి మెట్లన్నీ నిండిపోయాయి. అమ్మాయిలు వంగారు. అందరూ తల నేలకేసి దించితే, పక్క ఊరి టెస్సా బెంకె ఒక్కతే మెడ తిప్పి లీలాండ్‌నే చూస్తోంది.

"ఎవరు నేర్పారో దీనికి, అలాగేనా కూర్చునేది?" అని గొణిగాడు ఒక శిక్షకుడు.

పిస్తోలు మోగింది. శుభ్రంగా, గట్టిగా, మైదానం అంచుల దాకా. మార్లిస్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. టెస్సా మొదటి అడుగులోనే అందరికన్నా ముందుంది. చివరిదాకా ఎవరికీ అందలేదు. జనం లేచి నిలబడి కేకలు పెట్టారు. తన ఊరి పిల్ల కాకపోయినా మార్లిస్ కూడా పెట్టింది.

అభినందిద్దామని పరిగెత్తింది. "టెస్సా! టెస్సా!" అని వెనకనుంచి పిలిచింది. ఆ పిల్ల తిరిగి చూడలేదు.

'అబ్బో, గెలిచీ గెలవగానే ఎంత పొగరు!' అనుకుంది మార్లిస్.

ఆమెను దాటుకుని లీలాండ్ వెళ్ళాడు. అమ్మాయికి ఎదురుగా నిలబడి, టోపీ తీసి, రెండు చేతులూ ఏదేదోగా తిప్పాడు. ముఖమంతా వెలిగిపోతూ ఆ పిల్ల కూడా చకచకా వేళ్ళాడించింది. పెద్దాయన టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏమంటోంది?" అంది మార్లిస్, ఏమీ అర్థం కాక.

"పిస్తోలు పొగ బాగా కనబడిందట. 'నాకు పుట్టుచెవుడని ఇప్పుడు అందరికీ చెప్పెయ్, పెద్దాయనా! గెలిచాగా!' అంటోంది."