ఐదు మాటలు

ఆ రోజు ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ, చిట్టి ఉన్నారు. వాళ్ళతోపాటు ఆసుపత్రి నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్ కూడా ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ చిట్టికి పైప్రాణాలు పైనే పోతున్నాయి.

రెండేళ్ళ కిందట అమ్మ తలలో గడ్డకి రేడియేషన్ ఇచ్చారు. గడ్డ కరిగిపోయింది. ఆ తర్వాతే అమ్మ ఒక్కొక్కటీ మర్చిపోవడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళు కుట్టుపని చేసిన మనిషి ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టింది. షాపు యజమాని పల్లెత్తు మాట అనలేదు. ఆమె కత్తెర ఆమెకిచ్చి పంపేశాడు.

డాక్టరు విడమరిచి చెప్పాడు. మెదడులో కాపలా కణాలుంటాయట. చెత్త ఎత్తిపోయడం, రోగాన్ని తరిమెయ్యడం వాటి పని. రేడియేషన్ తగిలాక అవి రెచ్చిపోయాయట. గడ్డ పోయినా ఊరుకోకుండా, జ్ఞాపకాల్ని కలిపే అతుకుల్ని కూడా చెత్తే అనుకుని తినేస్తున్నాయట.

“కాపలా పెట్టుకున్నవాళ్ళే బీరువా ఖాళీ చేస్తున్నారన్నమాట,” అంది అమ్మ. ఆ రోజు ఆమె బాగానే ఉంది.

ఆ కణాల్ని శాంతపరిచే కొత్త మందు ఒకటి ఉందని, ఇంకా పరిశీలనలోనే ఉందని, పరీక్ష పెట్టి నలభై మందినే ఎంపిక చేస్తారని కూడా డాక్టరు చెప్పాడు.

పరీక్షలంటే చిట్టికి కొత్త కాదు. బడిలో ఎప్పుడూ మొదటి ర్యాంకే. పైగా ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఈ మేడమే లోపల ముగ్గురు రోగులకి మాటలు చెప్పి, కాసేపాగి అవేంటని మళ్ళీ అడగడం వింది. ముగ్గురికీ అవే ఐదు మాటలు. గొడుగు, నిచ్చెన, దువ్వెన, రైలు, పసుపు.

పదిహేను రోజులు అమ్మ చేత వల్లె వేయించింది. ఒక్కో వేలికి ఒక్కో మాట. బొటనవేలు గొడుగు, చూపుడువేలు నిచ్చెన. నాలుగో వేలి దగ్గర అమ్మ ఆగిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. చిట్టి కరిగేది కాదు.

“మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మా. నువ్వు తప్పావంటే ఆ మందు ఇంకెవరికో పోతుంది.”

ఇప్పుడు మేడమ్ ఐదు మాటలూ చెప్పి, కాసేపు వేరే కబుర్లాడి, మళ్ళీ అడిగింది. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఒక్కో వేలే నొక్కుకుంది. ఐదూ చెప్పింది.

ఇంట్లో ఏమైనా మర్చిపోతుంటుందా అని మేడమ్ నాన్నమ్మని అడిగింది.

“నా కోడలా? ఏకసంథాగ్రాహి. కాపురానికొచ్చిన కొత్తలో నేనన్న మాటలు ఇప్పటికీ పొల్లుపోకుండా అప్పజెబుతుంది.”

నాన్న అవునవునని తలూపాడు. మేడమ్ నవ్వుతూ కాగితం మీద రాసుకుని లేచింది.

ఆమె గుమ్మం దాటుతుంటే అమ్మ చిట్టి చెయ్యి పట్టుకుంది. “ఎవరే ఆవిడ?” అని మెల్లగా అడిగింది.

చిట్టి చెయ్యి విడిపించుకుని కారు దాకా పరుగెత్తింది. అమ్మకి మందు ఎప్పటి నుంచి ఇస్తారని అడిగింది.

“అది మర్చిపోయేవాళ్ళకిచ్చే మందు కదమ్మా, మీ అమ్మగారు ఒక్కటీ మర్చిపోలేదు, అదృష్టవంతులు,” అని చిట్టి బుగ్గ తట్టి, మేడమ్ కారు తలుపు వేసుకుంది.