పద్దెనిమిది డిగ్రీలు

"నా ఫ్రిజ్ తలుపు ఎవరు తీశారు?" షెడ్డులోంచి గ్రెగ్ అరుపు వీధి దాకా వినిపించింది.

పాత ఫ్రిజ్‌కి థర్మోస్టాట్ బిగించి, లోపల డ్రమ్ము పెట్టి బీరు పులియబెడుతున్నాడు. పద్దెనిమిది డిగ్రీలు దాటకూడదు. ఇప్పుడది ఇరవై ఆరు చూపిస్తోంది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి డ్రమ్మును తడిమి చూస్తున్నాడు.

అతని భార్య నెరిడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను తీయలేదు."

"మరి దానంతటదే తెరుచుకుందా? నిన్నా ఇంతే! ఈ అడిలైడ్ జనవరి ఎండల్లో దాన్ని పసిబిడ్డలా చూసుకుంటున్నా. రుచంతా నాశనం!"

"తీస్తున్నది మీ నాన్న."

"ముసలాడు దొంగతనంగా తాగుతున్నాడా?"

"తాగడం లేదు. మధ్యాహ్నం కుర్చీ వేసుకుని, తలుపు తీసి, దాని ముందు కూర్చుంటున్నారు. ఆయన రేకుల గదిలో నలభై మూడు డిగ్రీలు, గ్రెగ్."

"ఆ మాట నాకు చెప్పి చావొచ్చుగా!"

"చెప్పారు. క్రిస్మస్ రోజు భోజనాల దగ్గర చెప్పారు. 'ముందు నా బీరు సంగతి చూడనీ' అన్నావు."



అరుపులు విని తండ్రి లెస్ గుమ్మంలోకి వచ్చాడు. మెడ చుట్టూ తడి తువ్వాలు. "కోప్పడకురా. డ్రమ్ముకి తగలకుండా కాళ్లు పక్కకే పెట్టుకున్నాను."

"నీ పరుపు తీసుకురా!" గ్రెగ్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "వద్దులే, నేనే తెస్తా. మా ఏసీ గదిలో వేస్తా. నోరెత్తకుండా నడు, నాన్నా!"

ఫ్రిజ్ తలుపు మూయడం అతనికి గుర్తు రాలేదు.