డోలీ పాఠం

న్యాండో నది చర్చి మెట్లెక్కిన ఏడాది అది. ఊరి చుట్టూ నీళ్లే. ఆసుపత్రి అవతలి గట్టున ఉంది.

రోగిని డోలీలో నీళ్లు దాటించడం ఒబుయా మాష్టారికే తెలుసు. ఆరోగ్య వాలంటీర్లకు నేర్పింది ఆయనే. గోనెపట్టా పరవడం, రోగి జారిపోకుండా తాడుతో కట్టడం, ముడి వేయడం, నలుగురూ ఒకే అడుగు వేయడం. "మోసేవాడు అలసిపోయానని అనకూడదు. సేవంటే అదే," అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

ఆ నెలంతా ఆయన ఎవరి ముందూ గంబూట్లు విప్పలేదు. పక్కన కూర్చుంటే వాసన. కాలికేమైందని అడిగితే కసిరేవాడు.

"మోసేవాణ్ణి నేను. నన్నెవడూ మోయక్కర్లేదు."

ఒకరోజు పొద్దున్నే వాలంటీర్లలో పెద్దదైన అపోండి డోలీ పట్టించుకొచ్చింది.

"మాష్టారూ, ఇవాళ మీరే రోగి. కట్టు సరిగ్గా వేస్తున్నామో లేదో చెబుదురు గానీ."

"మేకని కట్టుకో, పో."

"మేక మీ అంత బక్కగా లేదు మాష్టారూ."

గొణుక్కుంటూ పడుకున్నాడు. కట్టారు.

"ముడి అక్కడ కాదే! కుడిచేతి పక్కన," అని తిట్టాడు. మార్చి వేసింది.

నలుగురూ గడలు భుజానికెత్తుకున్నారు. పాఠమైతే చర్చి దగ్గర దించాలి. చర్చి దాటిపోయింది.

"ఒరే ఓగోలా! ఎటురా?"

ముందు గడ మోస్తున్న ఓగోలా వెనక్కి చూడలేదు. "అలసిపోలేదు మాష్టారూ. నడుస్తున్నాం."

నీళ్లు వాళ్ల నడుముకొచ్చాయి. ముసలాయన తల ఎత్తి చూశాడు. ఎదురుగా ఆసుపత్రి గట్టు.

"దొంగల్లారా! దించండ్రా!"

"రాత్రి చాటుగా బూటు విప్పినప్పుడు మీ ఆవిడ చూసిందట. కాలు నల్లబడుతోంది," అంది అపోండి. "నల్లబడితే ఆగకూడదని మీరే కదా చెప్పారు!"

"నా కాలు, నా ఇష్టం!"

"కాలు మీదే. డోలీ మాది."

ఛాతీ మీద తాడు. తొడల మీద తాడు. కింద బురద నీళ్లు.

"తాడు విప్పండి! విప్పుతారా లేదా?"

"మా చేతులు ఖాళీగా లేవు మాష్టారూ," అన్నాడు ఓగోలా.

గట్టు చేరేదాకా ఆయన నోరు మూయలేదు. వాళ్ల తాతలనూ వదల్లేదు. కుడి గుప్పిట మాత్రం బిగించే ఉంచాడు. అపోండి దాని వంక చూసింది.

ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కాలే పోయేదన్నారు. సాయంత్రం కట్టు మార్చడానికి వచ్చిన నర్సు మూలనున్న డోలీని చూసింది.

"మనిషిని ఇలా కట్టేస్తారా, తాతా? నీళ్లలో తిరగబడితే ఊపిరాడక చచ్చేవాడివి కదా!"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి కూర్చుని, తాడు తెప్పించి, నర్సును కుర్చీకి కట్టి, అదే ముడి వేసి, కొస ఆమె కుడి గుప్పిట్లో పెట్టాడు. ఆమె ఒక్కసారి లాగేసరికి కట్టంతా ఊడి కిందపడింది.