కడచూపు గేటు

అమ్మ పోయిందని విశాఖ నుంచి తమ్ముడు పైడిరాజు ఫోన్ చేశాడు. వెంటనే సెలవు అడిగాను. సూపర్‌వైజర్ తలెత్తలేదు.

“ఈ కొత్త విమానాల్లో ఇక్కడి ఎయిర్‌పోర్టు నుంచి అక్కడి ఎయిర్‌పోర్టుకి తొమ్మిది నిమిషాలమ్మా. రానూపోనూ పద్దెనిమిది. ఏడవడానికి పన్నెండు. అరగంట ఇస్తున్నా.”

“అక్కణ్ణించి మా ఇంటికి రెండు గంటలు సార్!”

“ఇంటి సంగతి రూల్లో లేదు.”

చేసేదిలేక తమ్ముడితో అన్నాను: “అమ్మనే ఎయిర్‌పోర్టుకి తీసుకురారా. దగ్గరికొచ్చాక చెప్పు, అప్పుడు బయల్దేరతాను. కాళ్ళకి దణ్ణం పెట్టుకుని పోతాను.”

దిగేసరికి గేటు ముందు అంబులెన్సులు బారులు తీరి ఉన్నాయి. అందరివీ అరగంట సెలవులే.

“లైన్లోనే ఉన్నాం అక్కా,” అన్నాడు పైడిరాజు ఫోన్లో. “గేటుకింకా నాలుగు కిలోమీటర్లు.”

నా ఎదుటి బండిలో ఎవరో ముసలామె పడుకుని ఉంది. ఆమె పిల్లల విమానం ఇంకా దిగలేదు. ఆ కాళ్ళకే దణ్ణం పెట్టి, తిరుగు విమానం ఎక్కాను.